బీరువాలో నగారా తోలు

మా బావమరిది ఎనుపోతు తోలును మడత పెట్టాడు. అడ్డంగా ఒక మడత, నిలువుగా ఒక మడత వేసి, పైన అత్తరు చల్లి, మూలల్లో కలరా ఉండలు పెట్టి, ఆకుపచ్చ గుడ్డలో చుట్టి, ఇనుప బీరువాలో దాచి తాళం వేశాడు. ఇది తప్పని నేను అంటున్నాను. ఇందులో తప్పేముందని అతను అంటున్నాడు. తప్పేముందో ఎవరో ఒకరికి చెప్పుకోకపోతే నాకు అన్నం సహించేలా లేదు, అందుకే రాస్తున్నాను.

అది మామూలు తోలైతే నేనింత రాద్ధాంతం చేసేవాణ్ణి కాదు. ఉయ్యాలవాడ పక్కన మా మేనమామ పుట్టిన పల్లెలో పీర్ల చావిడి ఉంది, ఆ చావిడిలో ఒక నగారా ఉంది. పెద్ద రాగి బాన మీద అతుకు లేని ఒకే తోలు బిగించి కట్టిన నగారా అది. మొహర్రం నెలలో పీర్లను ఎత్తే ముందు దాన్ని కొడితే, కుందూ ఏటి అవతలి చేలల్లో ఎద్దులు కూడా మేత మాని తలెత్తేవని మా మామ చెప్పేవాడు. మామ కొంచెం ఎక్కువ చేసి చెప్పే మనిషే గానీ, ఈ సంగతి మాత్రం నేను కళ్ళారా చూసిందే. ఆ నగారాకు తోలు ఇవ్వడం మా మామ ఇంటి వంతు, దాన్ని కట్టడం డోళ్ళు కట్టే ఇంటివాళ్ళ వంతు, కట్టిన రోజు అందరికీ పానకం పోయడం శెట్టిగారి అంగడి వంతు. ఈ వంతులు ఎవరు పెట్టారో తెలియదు గానీ, ఎవరూ తప్పలేదని మాత్రం తెలుసు. పోయిన పండగలో పాత తోలు నడిమధ్య చిట్లింది. కొత్తది కట్టేది మళ్ళీ పండగ నెలవంకకు ముందే, అది ఆనవాయితీ. తోలు మా ఇంట్లో ఉంది, దిగులు పడవద్దని ఊరందరి ముందూ మాట ఇచ్చినవాణ్ణి నేను.

మా నాయన పోయాక మా అమ్మ నన్ను నంద్యాలలో తన అన్న దగ్గరికి పంపింది. మీసం మొలుస్తున్న వయసు. మేము దూదేకులవాళ్ళం, ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటాం, కాబట్టి మామ తిట్లు నాకు ఒక్కటి కూడా అర్థం కాకుండా పోలేదు. రైలు స్టేషనుకు పోయే దారిలో మామకు తోళ్ళ మండీ ఉండేది. పాణ్యం నుంచి, కోవెలకుంట్ల నుంచి, అటు జూపాడు బంగ్లా నుంచి కూడా ఎద్దుల బండ్ల మీద తోళ్ళు వచ్చేవి, ఇక్కడ ఏరి, కట్టలు కట్టి, గూడ్సు బండికి ఎక్కిస్తే మద్రాసు పోయేవి. మీలో ఆ కాలంలో నంద్యాలలో తిరిగినవాళ్ళకు ఆ దారిలో ముక్కు మూసుకున్న సంగతి గుర్తుండే ఉంటుంది. మొదటి వారం నాకూ అన్నం దిగలేదు. ఆ తర్వాత ఆ వాసన నాకు తెలియడం మానేసింది, నా చుట్టూ ఉన్నవాళ్ళకు మాత్రం తెలుస్తూనే ఉండింది. మా ఇంటామె ఆ మామ కూతురే, తన ముక్కుకు ఆ వాసన పుట్టుకతోనే అలవాటు కాబట్టి పెళ్ళయిన కొత్తలో మా కాపురం నిలబడిందని ఇప్పటికీ అంటుంది.

నేను బడికి పోలేదు. అక్షరాలు మండీ గోడ మీద సుద్దముక్కతో రాసిన ఊళ్ళ పేర్లు చూసి నేర్చుకున్నవే. ఏ కట్ట ఏ ఊరిదో తెలియకపోతే మామ ఊరుకునేవాడు కాదు కనుక, నాకు ఓనమాల కంటే ముందు కోవెలకుంట్ల రాయడం వచ్చింది. తర్వాత సాయంత్రాలు గ్రంథాలయంలో కూర్చుని దొరికినవన్నీ చదివాను, వ్యవసాయం, వైద్యం, పురాణం, ఏదీ వదలలేదు. కానీ తోలును ఎలా కాపాడాలో చెప్పే పుస్తకం ఒక్కటి కూడా నాకు కనబడలేదు. మనం రోజూ కాళ్ళకు తొడుక్కునే వస్తువు గురించి రాయడానికి ఎవరికీ చేయి రాలేదంటే ఏమనుకోవాలో మీరే చెప్పండి.

మండీలో రెండు గదులు. మొదటిది ఉప్పు గది. పచ్చి తోళ్ళకు మాంసం వైపు ఉప్పు పట్టించి, ముడత లేకుండా పరిచి, ఒకదాని మీద ఒకటి పేర్చేవాళ్ళం. నేల వాలుగా ఉండేది, ఊరిన నీరు కాలువలోకి పోయేది. రెండోది గాలి గది. అక్కడ ఎండిన తోళ్ళు ఉండేవి. కిటికీలు ఎదురెదురుగా, ఎండ లోపలికి రాకుండా తడికలు. ఆ గదికి వచ్చిన తోలును నేల మీద పెట్టినా, గోడకు ఆనించినా మామ కన్ను ఎర్రబడేది. నేలలో చెమ్మ ఉంటుంది, గోడలో పురుగు ఉంటుంది, తోలుకు ఈ రెండూ శత్రువులే. మామూలు తోళ్ళను లావుపాటి దూలం మీద వెన్ను వెంట వేలాడదీసేవాళ్ళం. చాలా కాలం దాచాల్సిన పెద్ద తోలునైతే, మన తొడంత లావున్న వెదురు తెచ్చి, బొచ్చు వైపు బయటికి ఉండేలా వదులుగా చుట్టి, పైన పలచని నూలు గుడ్డ కప్పి, వెడల్పాటి గుడ్డ పీలికలతో కట్టేవాళ్ళం. పురికొస కడితే ఆ గీత తోలులో దిగిపోతుంది. ఆ వెదురు రెండు కొనలకూ తాళ్ళు కట్టి కప్పు దూలానికి వేలాడదీస్తే, బరువంతా వెదురు మీదే గానీ తోలు మీద పడదు. లోపల వేపాకు, పొగాకు కాడలు పెట్టేవాళ్ళం. వానలు పోయాక నీడలో విప్పి, పొడిగుడ్డతో తుడిచి, ఈసారి రెండో కొన నుంచి చుట్టేవాళ్ళం, ఎప్పుడూ ఒకే భాగం లోపల ఇరుక్కుని ఉండకుండా.

ఇంతే. ఇందులో మంత్రం లేదు. పసిబిడ్డను ఉయ్యాలలో వేసినంత పని. అయినా ఈ కాలంవాళ్ళకు ఎంత చెప్పినా ఎక్కదు. మొన్న ఆళ్ళగడ్డలో ఒకాయన తోలు సంచి ఎండిపోయిందని తెచ్చి చూపించాడు. యాడ పెట్టినావప్పా అంటే, ప్లాస్టిక్ కవర్లో గట్టిగా మూసి పెట్టినానని గర్వంగా చెప్పాడు. ఊపిరాడక అది బూజు పట్టింది, బూజు పోవాలని మిద్దె మీద ఎండలో వేశాడు, ఎండకు అది అప్పడం అయ్యింది. నా దగ్గరికి తెచ్చి, ఇది అసలు తోలేనా, మోసం చేసినారేమో చూడన్నా అంటాడు. మోసం చేసింది ఎవరో చెబితే కోపం వస్తుందని ఊరుకున్నాను.

నగారా తోలు సంగతికి వస్తాను. రాను రాను బండ్లు తగ్గాయి, బేరం తగ్గింది, మామకు మోకాళ్ళు పట్టేశాయి. మండీ మూసేద్దామనుకున్న ఏడు, పాణ్యం వైపు నుంచి ఒక ఎనుపోతు తోలు వచ్చింది. నల్లమల అంచున మేసే గొడ్లకు ముళ్ళ గీతలు లేని తోలు ఉండదు. దీనికి గీత లేదు, వాత లేదు, కత్తి గాటు లేదు. మామ దాన్ని పరిచి, మోకాళ్ళ నొప్పి మరిచి చుట్టూ తిరిగి, అరచేత్తో తట్టి చూసి, ఇది మద్రాసు పోదు అన్నాడు. మద్రాసు వ్యాపారి వచ్చి బతిమాలినా ఇవ్వలేదు. మా తర్వాత నగారాకు తోలు యాడ తెస్తారు, ఇది మనింటి ఆఖరి వంతు అని చెప్పి, తానే దగ్గర కూర్చుని వెదురుకు చుట్టించాడు. మామ పోయాక నేను ఆళ్ళగడ్డ వచ్చి చెప్పుల అంగడి పెట్టుకున్నప్పుడు ఆ వెదురు నాతో వచ్చింది. శిరివెళ్ళ మీదుగా బస్సు మీద దాన్ని తెస్తుంటే, ఏందప్పా అది, ఫిరంగా అని కండక్టరు అడిగాడు. అప్పటి నుంచి మా మిద్దె గదిలోనే వేలాడింది. మా ఇంటామె దాని కింద తల వంచి నడిచీ నడిచీ నడుము వంగిపోయిందని నాతో పోట్లాడుతూనే, వానలు పోయాక తుడవడానికి పొడిగుడ్డ తెచ్చి ఇచ్చేది.

పోయిన వేసవిలో మా మిద్దె కారడం మొదలై, కప్పు తీసి కొత్తది వేయించాల్సి వచ్చింది. ఆ దుమ్ములో, సిమెంటు నీళ్ళలో తోలు ఉంచడం ఎలా? నంద్యాలలో మా బావమరిది ఉన్నాడు, మా మామకు ఒక్కడే కొడుకు. వాడికి చిన్నప్పుడే మండీ వాసన పడక, చదువుకుని, ఇనుప బీరువాల అంగడి పెట్టుకున్నాడు. మంచి బేరం, మంచి మనిషే, కాదనను. కానీ బీరువాలు అమ్మీ అమ్మీ, లోకంలో ఏ వస్తువుకైనా బీరువాకు మించిన చోటు లేదని అతనికి నమ్మకం కుదిరింది. జీపు మాట్లాడుకుని నేనే తీసుకుపోయి, అంగడి పై గదిలో నా చేతులతో నేనే తాళ్ళు కట్టి వేలాడదీసి, దీన్ని ముట్టుకోవద్దు, అంతే నువ్వు చేయాల్సిన పని అని చెప్పి వచ్చాను. ముట్టుకోకుండా ఉండటం కంటే సులువైన పని ఏదైనా ఉందా? ఆ తర్వాత కప్పు పని సాగింది, ఆ వెనకే నా కంటికి శుక్లం తీశారు, నగారా కట్టే నెల దాకా అక్కడే ఉండనీ అనుకున్నాను.

పోయిన నెల తోలు తెద్దామని నంద్యాల పోయాను. పై గదిలో వెదురు లేదు. తాళ్ళు మాత్రం వేలాడుతున్నాయి. తోలు యాడరా అంటే, బావమరిది నవ్వుతూ నన్ను కిందికి తీసుకుపోయి, అంగడిలో ఉన్నవాటిలో కల్లా మందపాటి బీరువా తలుపు తెరిచాడు. లోపలి నుంచి ఉరుసు నాటి అత్తరు వాసన, దాని వెనకే కలరా ఉండల వాసన గుప్పుమన్నాయి. ఆకుపచ్చ గుడ్డలో, దర్గాకు కప్పే చాదరును మడిచి దాచినట్టు, మా మామ తోలు.

“ఎవురు మడిచింది?” అన్నాను.

“నేనే బావా. మా నాయన తోలును తడి లుంగీ మాదిరి దండేనికి ఆరేస్తానా? వచ్చే పోయే వాళ్ళు సూసి ఏమనుకుంటారు? మర్యాదగా పెట్టినా.”

“వెదురు?”

“బోర్డు కట్టుకునేకి వాడినాం.”

తెరిచి చూద్దామని మడత విప్పబోతే, ఎండు కట్టె విరిగినట్టు పటుక్కున చప్పుడైంది. ఆ చప్పుడు నా వీపులో అయినట్టుంది. మడతలు రెండూ కలిసే చోట, తోలు నడిబొడ్డున, సూది పట్టే సందు కనబడింది. అత్తరు పడిన చోటల్లా నల్లటి మచ్చలు. ఇదేం చేశావురా అని నేను గొంతు పెంచితే, బేరానికి వచ్చిన వాళ్ళు బీరువాలో శవం దొరికిందేమోనన్నట్టు తొంగి చూశారు. నీళ్ళలో నానబెడితే మెత్తబడుతాది, దానికెందుకు బావా ఇంత రభస అని అతను. అప్పుడే టీ తెచ్చిన అతని భార్య, నాకు చెల్లెలి వరస, గ్లాసు నా చేతిలో పెట్టి అంది:

“అన్నా, ఈ ఇంట్లో మీ తోలుకుండే మర్యాద నాకు ల్యాకపాయ. దానికి కొత్త బీరువా. నా పెండ్లి చీర ఇంగా ట్రంకు పెట్టెలోనే ఉండాది.”

నాకు నవ్వు రాబోయింది గానీ రానివ్వలేదు.

పల్లెలో నగారా కట్టే పెద్దాయనను ఆ పూటే నంద్యాలకు పిలిపించాం. నాకంటే నాలుగేళ్ళు పెద్దవాడు, అతని చేతులు నా చేతుల కంటే గట్టివి. నేలమీద దుప్పటి పరిచి, తోలును దాని మీద పెట్టి, ముట్టుకోకుండా చాలాసేపు చూశాడు. బావమరిది మళ్ళీ నానబెట్టే మాట ఎత్తాడు.

“నానబెడితే మెత్తగైతాదప్పా,” అన్నాడు పెద్దాయన. “తెగిన పోగు అతుక్కోదు. నగారాకు బిగించినామంటే, మొదటి దెబ్బకే ఈడ నోరు తెరుస్తాది.”

“అట్లయితే ఇంగోటి కొందాం. ఎంతైనా నేను పెట్టుకుంటా,” అన్నాడు బావమరిది.

“యాడ కొంటావు?” అన్నాను నేను.

నంద్యాలలో మండీ లేదు, పాణ్యం నుంచి తోళ్ళ బండి రాదు, అంత పెద్ద తోలు గాటు లేకుండా ఒలిచే చేయి ఎక్కడుందో నాకు తెలియదు. దుడ్లు జేబులో పెట్టుకుని ఊళ్ళు తిరిగినా దొరకని వస్తువు ఒకటుంటుందని బీరువాలు అమ్మేవాడికి ఎలా తెలుస్తుంది? పెద్దాయన తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. పండగ దగ్గర పడింది, ఊరికి మీరే ఒక మాట చెప్పుకోండి అని మాత్రం అన్నాడు. నేను బావమరిది వైపు తిరిగి, మాట ఇచ్చింది నేను, పాడు చేసింది నువ్వు, ఊరికి ఏం చెప్తావు అని అడిగాను. అతను బీరువా తలుపు వేసి, తాళం చెవి జేబులో వేసుకున్నాడు. తోలు ఇంకా అందులో ఉన్నట్టు.

ఆ రోజు నేను తోలు తీసుకోకుండానే బస్సెక్కాను. ఏం మొహం పెట్టుకుని తీసుకోను? ఆ తర్వాత ఫోన్ చేస్తే ఎత్తలేదు. నంద్యాల పోయే వాళ్ళతో కబురు పంపాను, వచ్చిన వాళ్ళందరూ అంగడి మూసి ఉందనే చెప్పారు. మా ఇంటామె, తమ్ముడి మీద ఈగ వాలనివ్వని మనిషి, ఆమె కూడా నా వైపే ఉన్నట్టు రెండు రోజులు నాకు వేడిగా అన్నం పెట్టి, మూడో రోజు, ఒక తోలు కోసం వాన్ని ఎంతకాలం ఏడిపిస్తావు అంది. నేను ఏడిపిస్తున్నానట! ఫోన్లో మన గొంతుతోనే మాట నింపి పంపే పద్ధతి నేర్చుకుని, అదే మాట మళ్ళీ మళ్ళీ పంపాను: ఊరికి ఏం చెప్తావు? ఇంకేమీ అడగలేదు. తిట్టలేదు కూడా, తిట్లు మామతోనే పోయాయి. నెలవంక కనబడింది. పండగ వచ్చింది. ప్రతి ఏడూ ముందు రోజే పల్లెకు చేరేవాణ్ణి, ఈసారి కదలలేదు. తోలు లేని రాగి బాన ముందు నిలబడి ఎవరికి ఏం చెప్పను? మా ఇంటామె సంచి సర్దుకుని గడప దగ్గర కాసేపు నిలబడి, నన్ను చూసి, ఒక్కతే బస్సుకు పోయింది.

ఒంటరిగా కూర్చుంటే నాకు అనిపించింది, ఇప్పటి ఇళ్ళలో పొడవాటి వస్తువు ఉంచే చోటే లేకుండా పోయింది. అప్పుడు దూలాలు ఉండేవి. దూలానికి ఉయ్యాల, వెల్లుల్లి కట్ట, విత్తనాల కంకులు, కావడి బద్ద, చుట్టిన తోలు, అన్నీ వేలాడేవి, అన్నిటికీ గాలి తగిలేది, కింద నడిచే వాళ్ళం మేమే తల వంచేవాళ్ళం. మా కొత్త కప్పుకు కొక్కెం పెట్టమంటే మేస్త్రీ, ఫ్యానుకా అని అడిగాడు. ఇప్పుడు వస్తువులే వంగాలి, బీరువా అర ఎంత ఉంటే అంతకు మడతపడాలి. దాచడం అంటే కంటికి కనబడకుండా మూసిపెట్టడం అయిపోయింది. రోజూ కంటి ముందు వేలాడుతుంటేనే గదా, వానలు పోయాక తుడవాలని గుర్తొచ్చేది! బావమరిది చెడ్డవాడు కాదు. తండ్రి మీద ఉన్న ప్రేమంతా పోగుచేసి మడత పెట్టాడు. అదే నాకు ఒంటికి కారం రాసినట్టుంటుంది. ద్వేషంతో పాడు చేసి ఉంటే తిట్టి ఊరుకునేవాణ్ణి, ప్రేమతో పాడు చేసిన వాణ్ణి ఏమని తిట్టాలి?

ఇలా అనుకుంటూ ఉండగా ఫోను ఒక్కసారి మోగి ఆగింది, నేను పంపినట్టే గొంతుతో నింపిన మాట ఒకటి వచ్చింది. బావమరిది గొంతు. వెనక ఒకటే హోరు, ముందు ఒక్క ముక్క అర్థం కాలేదు. చెవికి దగ్గరగా పెట్టుకుని రెండోసారి విన్నాను.

“బావా, ఊరికి ఏం చెప్తావని అడిగినావు గదా. చెప్పినా. నాయన తోలు నా చేతుల్లోనే పాడైందని చావిడి ముందర నిలబడి చెప్పినా. పెద్దాయన మడతల కాడికి కోసి, బొచ్చు గీకి, నాలుగు పలక డప్పులు కట్టినాడు. నగారా అంత ల్యాదు గానీ, మోగుతాండాయి. ఒగటి నేనే కొడతాండా, చేతులు బొబ్బలెక్కినాయి. నువ్వేంది ఇంగా ఆడే కూచున్యావ్? బస్సెక్కు.”